నాన్న బాకీ బిడ్డ సీటుకు అడ్డమా?

"అన్నా, నిద్రపోయినవా?"

సోనాపూర్ క్యాంపులో రాత్రి పదకొండు దాటాక ఎవరైనా ఇలా పిలిస్తే కారణాలు రెండే. ఊర్లో ఎవరో పోయి ఉండాలి, లేదా ఉన్నపళంగా డబ్బు అవసరం పడి ఉండాలి. 2025 జూలైలో ఒక రాత్రి పై బంకు మీంచి ఈ మాట వినపడగానే నేను మొదటిదే అనుకుని గబుక్కున లేచి కూర్చున్నాను.

పోయింది మనిషి కాదు, ధైర్యం. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన తమ్ముడు ఆయన. షట్టరింగ్ కార్పెంటరు. ఎనిమిదేళ్లుగా దుబాయిలోనే ఉన్నాడు. కూతురికి ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ సైన్సు సీటు వచ్చింది. మూడు రోజుల ముందు రూం అందరికీ లడ్డూలు పంచాడు. ఆ రోజు పొద్దున ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని చదువు లోను కోసం బ్యాంకుకు పోయింది. అక్కడ కంప్యూటర్లో తండ్రి పాన్ నంబరు కొట్టి చూసి, "మీ నాన్న సిబిల్ బాగా లేదమ్మా, లోను రాదు" అని చెప్పి పంపేశారట.

"బిడ్డ ఫోన్ల ఏడ్వలే అన్నా. 'నాన్నా, సిబిల్ అంటే ఏంది?' అని అడిగింది. గదే తట్టుకోలేకపోతున్న" అన్నాడు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాయొద్దని ఆయనే అన్నాడు. సంగతి మాత్రం రాయమన్నాడు. "నా అసొంటోళ్లు మస్తుమంది ఉంటరు. సిగ్గుకు ఎవలూ చెప్పుకోరు" అన్నాడు. ఆ మాట నిజమే. మన క్యాంపుల్లో ఎవరిని కదిపినా విమానం ఎక్కే ముందు ఊర్లో వదిలొచ్చిన ఒక బాకీ ఉంటుంది. అది పిల్లల చదువు నాటికి లేచి కూర్చుంటుందని ఎవరూ అనుకోరు. అందుకే ఆ తర్వాతి ఆరు వారాల్లో మేమిద్దరం తెలుసుకున్నది, పొరపాటు పడ్డది, చివరికి సాధించుకున్నది వరుసగా రాస్తున్నాను.

అసలు ఆ అప్పు ఎవరిది?

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. చదువు లోను తండ్రి తీసుకునే అప్పు కాదు, పిల్లలు తీసుకునే అప్పు. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా పక్కన సంతకం పెడతారు. కోర్సు అయ్యాక ఉద్యోగం చేసి కట్టాల్సింది ప్రధానంగా చదువుకున్న బిడ్డే.

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. మన దేశంలో బ్యాంకులన్నీ భారతీయ బ్యాంకుల సంఘం, అంటే ఐబీఏ, తయారు చేసిన మాదిరి పథకాన్ని పట్టుకునే విద్యా రుణాలిస్తాయి. 2001లో మొదలైన ఆ పథకాన్ని తర్వాత చాలాసార్లు సవరించారు. లోను పరిశీలించేటప్పుడు మామూలుగా విద్యార్థి భవిష్యత్తు ఆదాయాన్ని చూడాలనీ, అవసరమైన చోట తల్లిదండ్రుల స్థోమతను కూడా లెక్కలోకి తీసుకోవచ్చనీ అందులో ఉంది. "కూడా" అన్న ఆ మాట గుర్తుంచుకోండి. ముందు బిడ్డ, తర్వాత తండ్రి.

నాలుగు లక్షల వరకు చదువు లోనుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం. 2015లో కేంద్రం విద్యా రుణాలకు ఒక పూచీకత్తు నిధి పెట్టింది. దాని కిందికి వచ్చే లోనుకు ఏడున్నర లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు, మూడో మనిషి జామీనూ అక్కర్లేదు. అప్పు మునిగితే బాకీలో 75 శాతం వరకు ఆ నిధే బ్యాంకుకు చెల్లిస్తుంది.

కోర్టులు కూడా ఈ మాట అన్నాయి. తల్లిదండ్రుల క్రెడిట్ స్కోరు బాగా లేదన్న కారణంతో పిల్లల చదువు లోను తిప్పికొట్టరాదని, చదువు పూర్తయ్యాక ఆ విద్యార్థికి ఉండే తీర్చే శక్తే ముఖ్యమని కేరళ హైకోర్టు 2020లో చెప్పింది. 2023లో అదే హైకోర్టు ముందుకు ఇంకో కేసు వచ్చింది. ఈసారి స్కోరు దెబ్బతిన్నది విద్యార్థిదే. ఆ పిల్లవాడికి అప్పటికే ఒమన్‌లో ఉద్యోగం ఖాయమైంది. స్కోరు తక్కువన్న ఒక్క కారణంతో కాదనకుండా డబ్బు విడుదల చేయమని కోర్టు బ్యాంకును ఆదేశించింది.

కేరళ తీర్పు కాగితం చూపించగానే మన ఊరి మేనేజరు సంతకం పెట్టేస్తాడని అనుకోవద్దు. మన రాష్ట్రాల్లో ఆ తీర్పుకు కట్టుబడి తీరాలని లేదు. పైగా బ్యాంకుకు దాని భయాలు దానికుంటాయి. కానీ "లోను రాదు" అన్న మాట శిలాశాసనం కాదని మాత్రం అర్థం చేసుకోవచ్చు. ఆ రాత్రి మా తమ్ముడికి నేను చెప్పిందీ ఇదే. అప్పటికి ఒంటిగంట దాటింది. నాలుగున్నరకు బస్సు. అయినా ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

ముందు మన చిట్టా మనం చూడాలి

సిబిల్ అంటే ఏమిటో కూతురికి తండ్రి చెప్పలేకపోయాడు. మనలో చాలామందిమి అంతే. సిబిల్ ప్రభుత్వ ఆఫీసు కాదు, మన అప్పుల చిట్టా రాసి పెట్టే కంపెనీ. ఇలాంటివి ఇండియాలో నాలుగున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు మన కిస్తీల వివరాలు వీటికి పంపుతుంటాయి. వాటిని బట్టి 300 నుంచి 900 లోపు ఒక మార్కు వేస్తారు. సాధారణంగా 750 దాటితే మంచి మార్కు అంటారు. అసలు అప్పే తీసుకోని వారికి మార్కు ఉండదు. అది తప్పు కిందికి రాదు.

ఏటా ఒకసారి ఒక్కో కంపెనీ నుంచి మన పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకునే హక్కు మనకుంది. పాన్ నంబరు, ఫోన్ నంబరు ఉంటే ఫోన్‌లోనే చూసుకోవచ్చు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు చిక్కు ఇక్కడే వస్తుంది. అప్పు తీసుకున్నప్పుడు ఇచ్చిన ఇండియా నంబరు ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఓటీపీ ఎవరి ఫోన్‌కో పోతుంది. మా తమ్ముడికి అదే జరిగింది. చివరికి పాన్, పాస్‌పోర్టు కాపీలు జతచేసి అడిగితే రిపోర్టు వచ్చింది. నాలుగు రోజులు పట్టింది.

మార్కు 611. దానికింద మూడు పద్దులున్నాయి. వాటిలో మన గల్ఫ్ వాళ్ల చరిత్ర అంతా ఉంది.

మొదటిది బైకు లోను. 2017లో వీసా వచ్చినప్పుడు ఇంకా నాలుగు కిస్తీలు మిగిలి ఉన్నాయి. బండి బామ్మర్దికి ఇచ్చి "కట్టుకో" అని చెప్పి విమానం ఎక్కాడు. బామ్మర్ది రెండు కట్టాడు, రెండు మరిచాడు. వడ్డీ, ఫైను కలిసి 9,400 రూపాయలైంది. ఫైనాన్సు కంపెనీ దాన్ని రాని బాకీ కింద రాసేసింది.

రెండోది పంట రుణం. మాఫీ వస్తుందని అందరిలాగే ఆయన కూడా కట్టడం ఆపేశాడు. 2024 జూలైలో తెలంగాణలో లక్షన్నర లోపు రుణాలు మాఫీ అయినప్పుడు ఆయనదీ పోయింది. బాకీ పోయింది కానీ, మాఫీ కోసం ఎదురుచూసిన నెలలన్నీ "ఆలస్యం, ఆలస్యం" అని వరుసగా రిపోర్టులో ఉండిపోయాయి. రిపోర్టులో గత 36 నెలల కిస్తీల తీరు కనిపిస్తుంది. మాఫీ అయితే బాకీ తీరుతుంది, పాత మచ్చ మాత్రం వెంటనే పోదు. ఈ సంగతి ఊర్లో ఏ నాయకుడూ చెప్పడు.

మూడోది పర్సనల్ లోను, 80 వేలు. ఈ లోను ఆయన తీసుకోనే లేదు! అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్న ఇంకెవరిదో. మన పేర్ల సంగతి తెలిసిందే కదా. పాన్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో ఇంకో రకం. ఎక్కడో ఒకచోట ఇద్దరి చిట్టాలు కలిసిపోయాయి.

"ఎనిమిదేండ్ల సంది నెల తప్పకుండ ఇంటికి పైసలు పంపిన అన్నా. గది ఇండ్ల ఎక్కడా లేదా?" అని అడిగాడు. లేదు. ఇంటికి పంపిన డబ్బుకు ఈ చిట్టాలో మార్కులు లేవు. కట్టిన కిస్తీలకు, కట్టని కిస్తీలకు మాత్రమే మార్కులు.

కట్టాల్సింది కట్టి, కానిది తీయించుకోవాలి

బైకు ఫైనాన్సు వాళ్లకు ఫోన్ చేస్తే "నాలుగు వేలు కట్టండి, సెటిల్ చేస్తాం" అన్నారు. ఆయన సంతోషపడ్డాడు. నేను ఆపాను. ఇలా తగ్గించి కడితే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది. అంటే ఈయన పూర్తిగా కట్టలేదు, రాజీ పడ్డారు అని అర్థం. ముందు ముందు ఏ బ్యాంకైనా దాన్ని వంక కింద చూస్తుంది. పూర్తిగా కడితే "క్లోజ్డ్" అవుతుంది. పెద్ద బాకీ అయితే వేరే సంగతి, స్థోమత లేనప్పుడు రాజీ తప్పదు. 5,400 రూపాయల తేడా కోసం ఆ మాట ఏళ్ల తరబడి మోయడం దండగ. మొత్తం కట్టించి, బాకీ లేదని ఉత్తరం తీసుకున్నాం. ఆ ఉత్తరం ఫొటో తీసి ఊరికి పంపాం.

తప్పుగా పడ్డ పర్సనల్ లోను మీద సిబిల్‌కు ఫిర్యాదు పెట్టాం. దీనికి పైసా ఖర్చు లేదు. 30 రోజుల్లో తేల్చాలి. అంతకు మించితే 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మేం ఈ పనిలో ఉండగానే ఊర్లో ఒకాయన తమ్ముడి భార్యను కలిశాడట. "25 వేలు ఇవ్వండి, వారంలో సిబిల్ 780 చేయిస్తా" అన్నాడట. ఇలాంటి వాళ్లు ఇప్పుడు ప్రతి మండలంలో పుట్టుకొచ్చారు. నిజమైన బాకీని ఎవరూ చెరపలేరు. తప్పు పద్దును మనమే ఉచితంగా తీయించుకోవచ్చు. మరి ఆ 25 వేలు దేనికి?

తల్లి సంతకం

కౌన్సెలింగ్ తేదీలు మన కోసం ఆగవు కదా. కాలేజీలో చేరే గడువు వారమే ఉంది. సిబిల్ ఫిర్యాదు తేలడానికి నెల. మా రూం చిట్టీ ఆ నెల ఇంకొకరికి పోవాల్సింది. ఆయన వదులుకున్నాడు. తమ్ముడు చిట్టీ ఎత్తి మొదటి విడత ఫీజు కట్టాడు. సీటు నిలబడింది. కానీ నాలుగేళ్ల చదువు చిట్టీలతో నడవదు.

అప్పుడు తట్టింది, సంతకం తండ్రిదే ఎందుకు కావాలి?

తల్లి బీడీలు చుడుతుంది. పీఎఫ్ ఉన్న బీడీ కార్మికురాలు. పుస్తెలతాడు రెండుసార్లు బ్యాంకులో పెట్టి రెండుసార్లూ గడువు లోపు విడిపించుకుంది. ఆమె రిపోర్టు తీయిస్తే మార్కు 760 దాటింది! ఎనిమిదేళ్లుగా దుబాయిలో కష్టపడుతున్న మొగుడి కంటే గడప దాటకుండా బీడీలు చుట్టిన ఇల్లాలి పరపతే బ్యాంకుకు మెరుగ్గా కనిపించింది. ఆ రాత్రి తమ్ముడు చాలాసేపు నవ్వాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు.

తండ్రి చిట్టా బాగా లేకపోతే తల్లి సహ రుణగ్రహీతగా ఉండొచ్చు. తల్లికీ వీలు కాకపోతే అన్న, తాత, మేనమామ లాంటి దగ్గరి బంధువును ఒప్పుకునే బ్యాంకులున్నాయి. పెళ్లయిన అమ్మాయి అయితే భర్త పెట్టొచ్చు. అయితే మేనమామ చేత సంతకం పెట్టించేటప్పుడు నిజం చెప్పి పెట్టించండి. రేపు కిస్తీ ఆగితే ఆయన చిట్టా కూడా చెడిపోతుంది. మన బైకు కిస్తీ బామ్మర్ది మీద వదిలిన తప్పే మళ్లీ చేసినట్టవుతుంది.

నోటి మాట వద్దు, కాగితం కావాలి

మొదటి రోజు బ్రాంచిలో జరిగిందేమిటి? అప్లికేషనే తీసుకోలేదు. నోటి మాటతో పంపేశారు. మన వాళ్లు కూడా దండం పెట్టి వచ్చేస్తారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. అప్లికేషన్ ఇవ్వకపోతే మనం అడిగినట్టు ఎక్కడా ఆధారం ఉండదు.

ఈసారి తల్లీకూతుళ్లతో ఆర్టీసీ డ్రైవరుగా చేసే మేనమామను కూడా పంపాం. అప్లికేషన్, సీటు కేటాయింపు కాగితం, కాలేజీ ఇచ్చిన నాలుగేళ్ల ఫీజు, హాస్టల్ ఖర్చుల పత్రం, మార్కుల మెమోలు, తల్లి పీఎఫ్ కాగితాలు, బైకు లోను తీరిన ఉత్తరం, సిబిల్‌కు పెట్టిన ఫిర్యాదు నకలు, అన్నీ ఒక ఫైలులో పెట్టి ఇచ్చారు. "తీసుకున్నట్టు సంతకం పెట్టి తేదీ వేయండి సార్" అని మాత్రం అడగమన్నాం. గొడవ పడొద్దన్నాం.

మేనేజరు ఫైలు తిప్పి చూశాడు. తండ్రి బాకీ గురించి మళ్లీ అడిగాడు. అమ్మాయి దాచలేదు. "ఒకటి కట్టేసినం సార్, ఒకటి మాఫీ అయింది, ఒకటి మాది కాదు" అని చెప్పి కాగితాలు చూపించింది. ఆయన సంతకం పెట్టి ఫైలు తీసుకున్నాడు. ఆయన చెడ్డవాడని నేను అనను. రోజుకు పది మంది వస్తే తొమ్మిది మందిని చూడకుండా పంపడం అలవాటై ఉంటుంది. కాగితం చేతికి వచ్చాక మాత్రం ఆయన కూడా పద్ధతి ప్రకారమే పోవాలి.

పద్ధతి ఏమిటంటే, ఐబీఏ పథకం ప్రకారం చదువు లోను అప్లికేషన్‌ను 15 రోజుల నుంచి నెల లోపు తేల్చాలి. కాదనాలంటే బ్రాంచి మేనేజరు ఒక్కడే కాదనకూడదు, పై అధికారి ఒప్పుకోవాలి. ఊర్లోని అన్ని బ్యాంకుల నుంచి బాకీ లేదని సర్టిఫికెట్లు తెమ్మని షరతు పెట్టకూడదు. కాదంటే కారణం రాసివ్వమని అడగండి. దాంతో బ్యాంకు రీజనల్ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఆన్‌లైన్‌లో రాయొచ్చు. దుబాయి నుంచి కూడా రాయొచ్చు.

ఇంకొకటి. "మీ పాపకు సిబిల్ హిస్టరీయే లేదు" అని కూడా కొన్నిచోట్ల అంటారు. పద్దెనిమిదేళ్ల పిల్లకు హిస్టరీ ఎక్కడి నుంచి వస్తుంది? మొదటిసారి అప్పు అడిగేవారిని హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని, కనీస స్కోరు ఇంత ఉండాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా పెట్టలేదని 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులో చెప్పింది.

మా అమ్మాయికి (ఇప్పుడు మా రూం మొత్తానికి ఆమె మా అమ్మాయే) 24వ రోజున లోను మంజూరైంది. అడిగింది ఆరు లక్షలు. నాలుగు లక్షలు దాటిన లోనుకు దేశంలో చదువైతే అయిదు శాతం మన వాటా ఉంటుంది. అందుకే ఇచ్చింది 5 లక్షల 70 వేలు. తాకట్టు లేదు. తండ్రి సంతకం లేదు.

మూడు రూపాయల వడ్డీకి పోకముందు

ఈ లెక్క మన వాళ్ల కోసం వేస్తున్నాను. బ్యాంకు కాదంటే మనం ముందుగా పోయేది ఊర్లో వడ్డీ వ్యాపారి దగ్గరికే. నూటికి మూడు రూపాయలంటే నెలకు మూడు, ఏడాదికి 36 శాతం. మొదటి ఏడాది అవసరమైన లక్షా 42 వేల 500 అక్కడ తెస్తే వడ్డీయే నెలకు 4,275 రూపాయలు. బ్యాంకులో పది శాతం అనుకుంటే నెలకు 1,200 లోపే. అంటే దాదాపు 50 దిర్హమ్‌లు.

పైగా చదువు లోనులో కోర్సు కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ కట్టనక్కర్లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా తీర్చే వెసులుబాటు ఉంటుంది. 5 లక్షల 70 వేలకు పది శాతం వడ్డీతో పదేళ్ల కిస్తీ పెట్టుకుంటే నెలకు 7,500 పైచిలుకు. చదువుతుండగానే వడ్డీ కట్టుకుంటూ పోతే భారం పెరగదు. ఇలా కట్టేవారికి వడ్డీలో ఒక శాతం తగ్గింపు ఇవ్వొచ్చని కూడా పథకంలో ఉంది. మీ బ్యాంకు ఇస్తుందో లేదో ముందే అడగండి.

కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే ఇంకా మేలు. గుర్తింపు ఉన్న కాలేజీలో సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులకు చదువు కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, జాబితాలో ఉన్న పేరున్న సంస్థల్లో మెరిట్ మీద సీటు వస్తే తాకట్టు, జామీను లేకుండా లోను ఇస్తారు. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి పది లక్షల వరకు లోనుపై చదువు కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఇది ఏటా లక్ష మందికే. సీటు ఎంచుకునే ముందే ఆ కాలేజీ జాబితాలో ఉందో లేదో చూడండి. మా అమ్మాయి కాలేజీ అందులో లేదు. ఓవర్‌టైంతో కలిపి నెలకు 2,000 దిర్హమ్‌లు వచ్చే తమ్ముడి ఆదాయం నాలుగున్నర లక్షలు దాటింది కాబట్టి మొదటి పథకమూ రాలేదు.

"తహసీల్ ఆఫీసుల లక్షకు సర్టిఫికెట్ తెస్తె అయిపోతది గదా" అని కొందరు సలహా ఇచ్చారు. వద్దన్నాం. దుబాయి నుంచి నెలనెలా పడే డబ్బు అదే బ్యాంకు ఖాతాలో కనిపిస్తుంటే లక్ష ఆదాయమని కాగితం పెట్టడం మన కాళ్లు మనమే నరుక్కోవడం.

ఈ దారి ఎక్కడిదాకా?

అందరికీ ఇదే జరుగుతుందని నేను చెప్పను. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా తాకట్టు అడుగుతాయి. అమెరికా, లండన్ చదువులకు ఇరవై, ముప్పై లక్షలు కావాలంటే సహ రుణగ్రహీత చిట్టా, ఆస్తి రెండూ గట్టిగా చూస్తారు. సాగు భూమిని, అనుమతి లేని పంచాయతీ ప్లాటును చాలా బ్యాంకులు ఒప్పుకోవు. ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలు ఇస్తాయి కానీ వడ్డీ ఎక్కువ. చదువు కాలంలోనే వడ్డీ కట్టించుకునేవీ ఉన్నాయి. అలాంటి ఆలోచన ఉంటే పిల్లలు ఇంటర్‌లో ఉన్నప్పుడే మీ చిట్టా సరిచేసుకోవడం మొదలుపెట్టండి. బాకీ తీర్చిన తర్వాత మార్కు కోలుకోవడానికి నెలలు పడుతుంది.

ఇక్కడి బాకీల గురించి కూడా ఒక మాట. దుబాయి బ్యాంకు క్రెడిట్ కార్డు బాకీ ఇండియా సిబిల్‌లో కనిపించదు. దాన్ని చూసి "ఎగ్గొట్టి పోయినా ఏం కాదు" అనేవాళ్లు ప్రతి క్యాంపులో ఉంటారు. యూఏఈ సివిల్ కోర్టుల డిక్రీలను మన దేశంలో నేరుగా అమలు చేయించుకునేలా భారత ప్రభుత్వం 2020 జనవరిలోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఊర్లో ఇల్లు, భూమి ఉన్నవాళ్లు దీన్ని మరిచిపోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, ఈ లోనుతో మీ బిడ్డ చిట్టా మొదలవుతోంది. రేపు ఉద్యోగం రావడం ఆలస్యమైతే బ్యాంకుకు ముందే రాసి గడువు అడగాలి. ఫోన్ ఎత్తకుండా ఉండొద్దు. మనం చేసిన ఆ పనే ఇవాళ ఇక్కడిదాకా తెచ్చింది.

ఈ శుక్రవారమో ఆదివారమో, సెలవు రోజున చేయాల్సినవి

* మీ పేరున, భార్య పేరున సిబిల్ రిపోర్టు తీసి చూసుకోండి. బాకీ లేదనుకున్నా చూడండి.
* పాన్, ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతాల్లో పేరు ఒకేలా ఉందో లేదో పోల్చండి.
* చిన్న బాకీలు పూర్తిగా కట్టి "క్లోజ్డ్" చేయించండి. ఉత్తరం దాచుకోండి.
* మీది కాని పద్దు ఉంటే ఫిర్యాదు పెట్టండి. దళారికి డబ్బు ఇవ్వొద్దు.
* మీరు ఎవరికైనా జామీను ఉంటే ఆ అప్పు ఎలా నడుస్తోందో కనుక్కోండి.
* లోను అప్లికేషన్ ఇచ్చినట్టు తేదీతో సంతకం తీసుకోండి.
* ఇంట్లో నిజం చెప్పండి.

చివరిది రాయడం తేలిక, చేయడం కష్టం. మా తమ్ముడు ఎనిమిదేళ్లు భార్యకు ఆ బైకు బాకీ సంగతి చెప్పలేదు. ఫైనాన్సు వాళ్ల ఫోన్లు వస్తున్నాయని నంబరు మార్చాడు. చెప్పి ఉంటే, ఆమె బీడీల డబ్బుతో రెండు నెలల్లో తీర్చేసేదాన్నని అందట!

సిబిల్ ఫిర్యాదు నెలకు అయిదు రోజుల ముందే తేలింది. ఆ 80 వేల పద్దు తీసేశారు. మార్కు ఇంకా 700 దాటలేదు, మెల్లగా పెరుగుతోంది. లోను కాగితం ఫొటో అమ్మాయి వాట్సాప్‌లో పంపిన రోజు తమ్ముడు దాన్ని పెద్దది చేసి చేసి చూశాడు. విద్యార్థి పేరు, తల్లి పేరు ఉన్నాయి. తండ్రి సంతకం పెట్టే చోటు లేదు.

"నా పేరు లేదన్నా" అన్నాడు.

నాకేం చెప్పాలో తెలియలేదు.

ఇప్పుడు ప్రతి నెలా జీతం పడిన రోజు ఎక్స్‌ఛేంజికి పోయినప్పుడు ఇంటి ఖర్చు ఒక రసీదు, లోను వడ్డీ ఇంకో రసీదు తీసుకుంటాడు. రెండోది 50 దిర్హమ్‌లదే. దాన్ని మాత్రం పాస్‌పోర్టు కాపీ పెట్టుకునే కవర్లో దాచుకుంటాడు. ఇప్పటికి ఒక్క నెల కూడా తప్పలేదు.